పడిపోయిన చేతికి కొలత కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల గౌరవ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,



పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయినవాళ్లతో పనిచేసే ఫిజియోథెరపిస్టుగా ఈ ఉత్తరం రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. స్ట్రోక్ తర్వాత చెయ్యి ఎంత తిరిగొచ్చిందో, ఎలా తిరిగొచ్చిందో మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్రమం తప్పకుండా కొలిచే ఏర్పాటు చేయండి. కళ్లకు పెట్టుకునే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు ఈ పనికి సాయపడతాయి. అయితే మీ దగ్గరికి ముందుగా వచ్చేది వాటిని చికిత్స పేరుతో అమ్మజూపేవాళ్లే. టెండరు పిలిచే ముందు, మంచం పక్కన నిలబడి పనిచేసేవాళ్ల మాట కూడా మీ చెవిన పడాలని ఈ ప్రయత్నం.

ఇప్పుడు ఏం జరుగుతోందో చెబుతాను. స్ట్రోక్ వచ్చిన మనిషిని వార్డులో చేర్చగానే కేస్ షీటులో చేతికి ఎదురుగా "పవర్ 2/5" లాంటి అంకె ఒకటి పడుతుంది. సున్నా అంటే కదలికే లేదని, అయిదు అంటే మామూలు బలం ఉందని అర్థం. ఈ కొలతను బ్రిటన్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1943లో, యుద్ధకాలంలో, చేతుల్లో కాళ్లలో నరాలు దెబ్బతిన్నవాళ్ల కోసం ప్రచురించింది. ఆ పనికి అది చక్కగా సరిపోయింది. మెదడు దెబ్బతిని పడిపోయిన చేతి సంగతి వేరు. అక్కడ కండరం బలంతో పాటు అదుపు కూడా పోతుంది. భుజం ఎత్తబోతే మోచేయి దానంతటదే ముడుచుకుంటుంది, గుప్పెట బిగుసుకుంటుంది. ఏ కీలుకు ఆ కీలును విడిగా కదిపే శక్తి ఎంత మిగిలిందో "రెండు బై అయిదు" చెప్పలేదు.

డిశ్చార్జి రోజున ఆ అంకెనే మళ్లీ రాసి, అడుగున "అడ్వైజ్డ్ ఫిజియోథెరపీ" అని ముగిస్తారు. ఆ తర్వాత చాలామంది విషయంలో ఆ చెయ్యి గురించి సర్కారు కాగితం మీద మళ్లీ అంకె పడేది వైకల్య ధ్రువపత్రం ఇచ్చే శిబిరంలోనే. అక్కడ తేల్చేది వైకల్యం ఎంత శాతమని. పింఛనుకు ఆ లెక్క అవసరమే, కాదనను. కానీ ఎంత పోయిందన్న లెక్క ఉన్న చోట ఎంత తిరిగొచ్చిందన్న లెక్క కూడా ఉండాలి కదా. మధ్యలో గడిచిన నెలలకు మన దగ్గర రికార్డే లేదు. థర్మామీటరు లేకుండా జ్వరాల వార్డు నడిపినట్టుంది మన వ్యవహారం.

ఆ మధ్య నెలలే కీలకమైనవి. చేతి కదలికలో వచ్చే మార్పు చాలావరకు మొదటి మూడు నెలల్లోనే వస్తుంది. ఇంకా ముందే తెలిసే సంగతులు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, మొదటి 72 గంటల్లో భుజాన్ని కాస్త పక్కకు ఎత్తి, వేళ్లను కాస్తయినా చాపగలిగినవాళ్లకు ఆరు నెలల నాటికి చేతిలో ఎంతో కొంత పనితనం వచ్చే అవకాశం 98 శాతం అని తేలింది. ఆ రెండూ చేయలేనివాళ్లకు అది 25 శాతం. మంచం పక్కన రెండు నిమిషాల్లో చూడదగ్గ పరీక్ష ఇది. పైసా ఖర్చు లేదు. అయినా దాన్ని చూసి తేదీ వేసి రాసిపెట్టే అలవాటు మనకు రాలేదు.

రాయకపోతే ఏమవుతుంది? "సార్, మా నాయన చెయ్యి వస్తుందా?" అని కొడుకు అడుగుతాడు. "టైం పడుతుంది బాబూ" అంటాం. ఆ మాటలో అబద్ధం లేదు, ఆధారమూ లేదు. చెయ్యి వచ్చే అవకాశం గట్టిగా ఉన్న మనిషి, ఎవరూ ఆ మాట గట్టిగా చెప్పక, ఇంటికి వెళ్లి పావురం నెత్తురు పూయించుకుంటూ, నూనె మర్దనలు చేయించుకుంటూ ఆ మూడు నెలలు పోగొట్టుకుంటాడు. మొదట్లో ఇంత ఉంది, ఇప్పుడింత అయింది అని అంకె చూపించగలిగితే ఆ ఇంటి నిర్ణయం మారుతుంది.

కొలిచే పద్ధతులు లేక కాదు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆక్సెల్ ఫూగల్-మేయర్, ఆయన సహచరులు 1975లో ప్రకటించిన పరీక్ష నేటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. చేతికి సంబంధించిన భాగంలో 33 అంశాలు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. మొత్తం 66 మార్కులు. కావలసిన సామాను ఒక రిఫ్లెక్స్ సుత్తి, పెన్సిలు, కాగితం ముక్క, చిన్న డబ్బా, టెన్నిస్ బంతి, స్టాప్‌వాచీ. అరగంట సమయం. చెయ్యి బిగుసుకుపోయిన పట్టులోంచి మెల్లగా విడివడి ఒక్కో కీలు స్వతంత్రంగా కదలడం ఎంతవరకు వచ్చిందో ఇది చూపిస్తుంది.

దీనికీ హద్దులున్నాయి. "ఒకటి" అంటే కొంత చేయగలిగాడని. ఆ కొంత అంటే పదోవంతా, ముప్పావు వంతా అన్నది మార్కులో కనబడదు. ఇద్దరు ఫిజియోథెరపిస్టులకు సరైన శిక్షణ లేకపోతే ఒకే చేతికి రెండు మార్కులు వేస్తారు. స్వల్పంగా దెబ్బతిన్నవాళ్లు త్వరగా 66 దగ్గరికి చేరిపోతారు. వాళ్ల చేతిలో ఇంకా ఏదో తేడా ఉందని వాళ్లకు తెలుస్తుంది, కాగితానికి తెలియదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. బల్ల మీద గ్లాసు పెట్టి, "అమ్మా, చెయ్యి చాపి అందుకోండి" అంటాం. ఆమె అందుకుంటుంది. పక్కన నిలబడ్డ కూతురు చప్పట్లు కొడుతుంది. జాగ్రత్తగా చూస్తే మోచేయి ఎంత ముడిచి ఉందో అంతే ఉంది. భుజం చెవి దాకా లేచింది. నడుము దగ్గర నుంచి ఒళ్లంతా ముందుకు వంగింది. గ్లాసు దగ్గరికి చెయ్యి వెళ్లలేదు, మనిషి వెళ్లింది. మాంట్రియల్‌లో కార్మెన్ సిర్‌స్టియా, మిండీ లెవిన్ 2000లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతినే కొలిచి చూపించింది. చెయ్యి బాగా దెబ్బతిన్నవాళ్లు వస్తువును అందుకోవడానికి మొండేన్ని వాడతారు. పని అవుతుంది కానీ చెయ్యి కోలుకున్నట్టు కాదు. తిరిగిరాని చేతికి ఆ సర్దుబాటు మంచిదే. తిరిగొచ్చే అవకాశమున్న చేతికి అదే అలవాటైపోతే మోచేయి చాపుకునే పని ఇక నేర్చుకోదు. అందుకే "గ్లాసు అందిందా లేదా" అని మాత్రమే అడిగే కొలత మనల్ని మోసం చేస్తుంది. ఎలా అందిందో చెప్పాలి.

హెడ్‌సెట్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. రోగిని చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌సెట్ తగిలిస్తాం. కళ్ల ముందు ఒక బల్ల కనబడుతుంది. దాని మీద బంతులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఒకటి ఎదురుగా, ఒకటి కుడిపక్క, ఒకటి ఎడమపక్క, ఒకటి కాస్త దూరంగా. వెలిగినదాన్ని చేత్తో తాకాలి, అంతే. తాకే లోపు యంత్రం చెయ్యి ఎక్కడుందో సెకనుకు ఎన్నోసార్లు రాసుకుంటుంది. బంతి వెలిగాక కదలడానికి ఎంతసేపు పట్టింది, ఎంత వేగం అందుకుంది, దారి తిన్నగా ఉందా వంకర పోయిందా, మధ్యలో ఎన్నిసార్లు ఆగింది అన్నవన్నీ అంకెలుగా వస్తాయి. అదే వరసలో, అంతే దూరంలో, మూడు వారాల తర్వాత మళ్లీ అదే పరీక్ష పెట్టొచ్చు. శ్రీకాకుళంలో పెట్టినా ఆదిలాబాద్‌లో పెట్టినా బంతులు అక్కడే వెలుగుతాయి.

ఆ అంకెల్లో అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది కదలికలోని సాఫీతనం. మామూలు చెయ్యి వస్తువు వైపు వెళ్లేటప్పుడు వేగం ఒక్కసారి పెరిగి ఒక్కసారి తగ్గుతుంది. స్ట్రోక్ వచ్చిన చెయ్యి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. కోలుకునే కొద్దీ ఆ ముక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని ఎంఐటీ పరిశోధకులు 2002లో చూపించారు. ఈ సాఫీతనాన్ని నమ్మకంగా లెక్కించే స్పార్క్ అనే పద్ధతిని రూపొందించినవాళ్లలో ముందున్నది మన పొరుగునే, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేసే శివకుమార్ బాలసుబ్రమణియన్. ప్రపంచంలోని ప్రయోగశాలలు వాడుతున్న లెక్క తిరుపతికి దగ్గర్లోనే పనిచేసే మనిషిది. మన ఆసుపత్రుల్లో వాడటానికి విదేశం వైపే చూడక్కర్లేదు.

ఇంకో ఉపయోగం ఉంది. మెదడు కుడిభాగం దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ప్రపంచమే మనసుకు పట్టదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే మిగిలిపోతుంది. అలాంటి మనిషి ఎడమవైపు బంతిని తాకకపోతే, చెయ్యి రాక తాకలేదా, బంతి ఉందన్న ధ్యాసే లేక తాకలేదా? చికిత్స ఈ రెండిటికీ వేరు. తల ఎటు తిరిగిందో హెడ్‌సెట్‌కు తెలుసు కాబట్టి ఈ ముడి కొంతవరకు విడదీయొచ్చు.

ఇక హెడ్‌సెట్ చేయలేనివి. అమ్మేవాళ్లు ఇవి చెప్పరు కాబట్టి నేను చెప్పాలి.

హెడ్‌సెట్‌లో దూరం అంచనా కాస్త తప్పుతుంది. కన్ను దృష్టి నిలిపేది హెడ్‌సెట్ కటకాలు నిర్ణయించిన ఒకే దూరంలో, వస్తువు ఉన్నట్టు తోచేది మరో దూరంలో. అందువల్ల ఏ జబ్బూ లేనివాళ్ల చెయ్యి కూడా అక్కడ అసలు బల్ల మీద కన్నా నెమ్మదిగా కదులుతుంది. కాబట్టి రోగి అంకెను అదే హెడ్‌సెట్‌లో అదే వయసు ఆరోగ్యవంతుల అంకెతోనే పోల్చాలి. శుక్లాలున్నవాళ్లు, మందపాటి కళ్లద్దాలవాళ్లు మన వార్డుల్లో తక్కువేం కాదు. వాళ్ల పొరపాట్లు కంటివా చేతివా అని ముందే చూసుకోవాలి.

హెడ్‌సెట్ కదలికను బట్టి తల ముందుకొచ్చిందని తెలుస్తుంది. తల రావడం, మొండెం రావడం ఒకటి కాదు. ఛాతీ మీద ఒక చిన్న ట్రాకర్ కట్టకపోతే ఇందాక చెప్పిన మోసం ఇక్కడా జరుగుతుంది, పైగా కంప్యూటర్ ముద్రతో. చేతిలో పట్టుకునే కంట్రోలర్‌ను పట్టు లేని చెయ్యి పట్టలేదు. క్రేప్ బ్యాండేజీతో కట్టాల్సి వస్తుంది. కంట్రోలర్ వద్దనుకుని హెడ్‌సెట్ కెమెరాలతోనే చేతిని గుర్తించమంటే, బిగుసుకున్న గుప్పెటలో వేళ్లు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, కెమెరా తికమకపడుతుంది. చెయ్యి గాల్లోకి అసలు లేవనివాళ్లకు ఈ పరీక్ష సున్నా అనే చెబుతుంది. నిజానికి చెయ్యి బల్ల మీద ఆనితే జారగలదేమో. వాళ్లకు మోచేతికి ఆసరా ఇచ్చి కొలిచే ఏర్పాటు వేరే ఉండాలి. చిన్నవే అయినా చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. కొప్పు పెట్టుకున్న అమ్మలకు ఆ పట్టీ సరిగా కూర్చోదు. మే నెల వార్డులో ఒకరి చెమట ఇంకొకరి ముఖానికి తగలకుండా కవర్లు కావాలి. కొందరికి కళ్లు తిరుగుతాయి.

అన్నిటికీ మించి, అక్కడ స్పర్శ లేదు. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి స్ట్రోక్ తర్వాత చేతి కదలిక నాణ్యతను ఎలా కొలవాలో సూచిస్తూ, రోజువారీ పనుల్లోంచి నీళ్లు తాగడాన్ని ఎంచుకుంది. అసలు గ్లాసు, అసలు నీళ్లు. మన దగ్గర దాంతో పాటు అన్నం ముద్ద కూడా పెట్టాలంటాను. కలపడానికి వేళ్లు విడివిడిగా కదలాలి, ముద్ద చేయడానికి దగ్గరికి రావాలి, నోటి దగ్గర మణికట్టు తిరగాలి, బొటనవేలు నెట్టాలి. కుడిచెయ్యి పడిపోయిన మనిషి పదిమందిలో ఎడమచేత్తో తినలేక పెళ్లిళ్లకు వెళ్లడం మానేయడం నేను చూశాను. ఏ హెడ్‌సెట్టూ వేళ్లకు మెతుకు తగిలించలేదు. చెయ్యి చాపడాన్ని అది కొలవనివ్వండి. ముద్దను కంచం దగ్గర కూర్చుని మనమే చూడాలి.

పరీక్షలో చేసి చూపించగల పని ఇంట్లో చేస్తారన్న భరోసా కూడా లేదు. మా ఎదుట చెయ్యి ఎత్తిన మనిషి ఇంటికి వెళ్లి రోజంతా రెండో చేత్తోనే లాక్కొస్తాడు. "ఇంట్లో ఈ చేత్తో ఏం చేశారు?" అన్న ప్రశ్న ఏ యంత్రం వచ్చినా అడగాల్సిందే.

చికిత్స సంగతికి వస్తాను, ఎందుకంటే డబ్బు అక్కడే ఖర్చవుతుంది. 2017 నాటి కాక్రేన్ సమీక్ష 72 ట్రయల్స్‌ను, 2,470 మందిని కలిపి చూసింది. చేతి పనితనం విషయంలో, అంతే సమయం చేసే మామూలు వ్యాయామం కన్నా వర్చువల్ రియాలిటీ మెరుగని తేలలేదు. మామూలు చికిత్సకు అదనంగా వాడి మొత్తం సమయం పెంచినప్పుడు ఉపయోగం కనబడింది. 2025లో 190 అధ్యయనాలతో ఆ సమీక్షను కొత్తగా రాశారు. ఈసారి కాస్త మేలు కనబడింది, అదీ కొద్దిగానే. నాలుగు దేశాల్లో 141 మందితో జరిగి 2016లో వెలువడిన ఒక ట్రయల్‌లో వీడియో గేములు ఆడినవాళ్లూ, పేకముక్కల లాంటి మామూలు ఆటలు ఆడినవాళ్లూ ఒకేలా మెరుగయ్యారు. హెడ్‌సెట్ పెట్టగానే చెయ్యి లేస్తుందని ఎవరైనా మీకు చెబితే ఈ అంకెలు అడగండి. ఎన్నిసార్లు చేశామన్నదే చేతికి ముఖ్యం. ఆటగా ఉంటే జనం ఎక్కువసార్లు చేస్తారు. దాని మేలు అంతవరకే.

"ఇంతమందిని నెలల తర్వాత పిలిచి కొలవడం మన దేశంలో అయ్యే పనేనా?" అని మీ అధికారులు అడగొచ్చు. అయింది. అటెండ్ అనే ట్రయల్‌లో దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది స్ట్రోక్ రోగులను చేర్చుకుని, ఆరు నెలలకు వాళ్ల పరిస్థితి చూశారు. ఇంట్లోవాళ్లకు వ్యాయామాలు నేర్పి పంపితే మేలు జరుగుతుందా అన్నది ప్రశ్న. 2017లో ఫలితం వచ్చింది. చనిపోయినవాళ్లు, మరొకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఎంతో మంచిదనిపించిన ఆలోచన పనిచేయలేదని తెలిసింది కొలిచారు కాబట్టే. కొలవకుండా పథకంగా పెట్టి ఉంటే ఈపాటికి ఏటా విజయోత్సవాలు జరుపుకునేవాళ్లం.

"ముందు స్ట్రోక్ రాగానే ఇచ్చే ఇంజెక్షన్ అందరికీ అందనివ్వండి, చేతి కొలతలు తర్వాత" అనేవాళ్లూ ఉంటారు. ఆ ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపల అందాలి, అందించండి, తప్పకుండా. అందినవాళ్లలోనూ అందనివాళ్లలోనూ బతికి బయటపడ్డవాళ్లు ఆ చేతితోనే మిగతా జీవితం గడపాలి. ఇంజెక్షన్ ఎంత మేలు చేసిందో తెలియాలన్నా ఈ కొలతే కావాలి.

కాబట్టి నా విన్నపాలు ఇవి.

మొదటిది, దీనికి యంత్రంతో పనిలేదు. స్ట్రోక్ రోగిని చేర్చుకునే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద డబ్బు తీసుకునే ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో, 72 గంటల లోపల వేళ్లు, భుజం పరీక్ష. డిశ్చార్జి నాడు, మూడు నెలలకు, ఆరు నెలలకు ఫూగల్-మేయర్ మార్కు. అప్పటిదాకా వచ్చినవి డిశ్చార్జి కాగితంలోనూ, అన్నీ కలిపి రోగి ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) రికార్డులోనూ ఉండాలని ఉత్తర్వు ఇవ్వండి. మూడు నెలల మార్కుకు రానుపోను బస్సు ఖర్చు ఇస్తే జనం వస్తారు.

రెండోది, ఫిజియోథెరపిస్టులకు ఈ పరీక్షలో శిక్షణ ఇచ్చి, ఒకే వీడియో చూసి అందరూ ఒకే మార్కు వేస్తున్నారో లేదో సరిచూడండి. రోజుకు ఇన్ని కేసులని లెక్కగట్టేటప్పుడు ఈ అరగంటను కూడా పనిగా లెక్కించండి. ఫిజియోథెరపిస్టు లేని ఏరియా ఆసుపత్రిలో ఆ పోస్టు నింపకుండా హెడ్‌సెట్ పంపితే అది బీరువాలోనే ఉంటుంది.

మూడోది, హెడ్‌సెట్లను ముందు రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని బోధనాసుపత్రుల్లో కొలిచే పరికరంగా మాత్రమే పెట్టి చూడండి. ఒకే రోగికి ఫూగల్-మేయర్, అసలు గ్లాసు, అసలు ముద్ద, హెడ్‌సెట్ అన్నీ చేసి, అవి ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో చూడాలి. మన వయసులవారి, మన ఒడ్డూ పొడుగుల మామూలు అంకెలు ముందుగా సేకరించాలి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, కందిలో ఐఐటీ ఉంది. ఈ పనిని వాళ్లకు అప్పగించడానికి అడ్డేముంది?

నాలుగోది, టెండరు షరతులు. కంపెనీ ఇచ్చే "మీ స్కోరు 78" అన్న అంకె ఒక్కటే కాక, చెయ్యి కదిలిన దారి మొత్తం మూల డేటాగా ఆసుపత్రికి దక్కాలి. లేకపోతే కంపెనీ మారిన రోజు పాత కొలతలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. మైక్రోసాఫ్ట్ కినెక్ట్ కెమెరా మీద ఎన్నో పరిశోధన బృందాలు పరీక్షలు తయారుచేసుకున్నాక, 2017లో ఆ కంపెనీ దాని తయారీ ఆపేసింది. ఛాతీ ట్రాకర్ తప్పనిసరి అనండి. సూచనలు తెలుగులో, ఉర్దూలో మాటగా వినిపించాలి, చదువుకోమంటే కుదరదు. ఇది రోగి ఆరోగ్య సమాచారం కాబట్టి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం రోగికి అర్థమయ్యే మాటల్లో అనుమతి తీసుకోవాలి. ఆటల కంపెనీ ఖాతాలోకి అది పోకూడదు.

చివరిది, వచ్చిన అంకెలను ఏటా జిల్లాలవారీగా ప్రకటించండి. ఎంతమందిని మూడు నెలలకు కొలిచారు, ఎంతమంది రాలేదు, వచ్చినవాళ్లలో చెయ్యి ఎంత మెరుగైంది. మొదటి ఏడాది ఆ పట్టికలో ఖాళీలే ఎక్కువ ఉంటాయి, పత్రికలు విమర్శిస్తాయి. ఆ ఖాళీలు ఈరోజూ ఉన్నాయి, ఎవరికీ కనబడటం లేదంతే. మొదటి విన్నపానికి బస్సు ఖర్చు తప్ప పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. అది ఈ ఏడాదే ఇవ్వండి. హెడ్‌సెట్లు కొనాలా వద్దా, కొంటే ఏవి కొనాలన్నది వచ్చే ఏడాది ఆ అంకెలు చూసి తేల్చుకోవచ్చు.

భవదీయుడు,
పక్షవాత రోగులతో పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు